గీకేసిన బొమ్మ

వీరమ్మ గోడలు అలకడం ఆపి సున్నం వేయడం మొదలుపెట్టేసరికి పాలెమంతా తెలిసిపోయింది, కూతురు పురిటికి వస్తోందని.

ఉన్నది ఒక్క గది పూరిల్లు. చిలకలూరిపేట దాటాక నల్లరేగడి చేల నడుమ ఉన్న ఊరు అది. ఊరికి పడమరగా, చర్చి వెనక ఉన్న పాలెంలో వీరమ్మ ఇల్లు. ఆమె భర్త దానయ్య పత్తి చేలకు మందు కొట్టే కూలి. ఆమె పత్తి తీసే కూలి. సెంటు భూమి లేదు. ఆ ఒక్క గదిలోనే తూర్పు మూలను వేరు చేసి, పుట్టబోయే బిడ్డకు ఒక చోటు అమర్చాలని వీరమ్మ పట్టుబట్టింది.

ఎందుకంత పట్టుదలంటే, వీరమ్మకు బిడ్డలు దూరమవడమంటే భయం. కూతురు దేవకుమారి కంటే ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు పొత్తిళ్ళలోనే పోయారు. మిగిలిన ఒక్క కూతురికీ పెళ్ళి చేసి తాడేపల్లి బస్సు ఎక్కించిన రోజున, బస్సు లేపిన దుమ్ము అణిగేదాకా రోడ్డు మీదే నిలబడిపోయింది. అప్పటినుంచి ఎక్కడ బస్సు హారను మోగినా ఆమె చేతిలో పని ఆగేది.

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల, బిడ్డకు ఐదో నెల వచ్చేదాకా ఉండటం ఆనవాయితీ. కానీ వియ్యపురాలు రెబ్కా తాడేపల్లిలో చర్చి బడి పంతులమ్మ. ముందే మాట అనేసింది. "ఏమీ అనుకోకండి వదినగారూ. ఆ పూరింట్లో చలికి, దుమ్ముకి పసిబిడ్డ తట్టుకోలేదు. నెల తిరగ్గానే మేం తీసుకొచ్చేసుకుంటాం" అంది. ఆ మాట వీరమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఆ మూలను చూసి వియ్యపురాలి మనసు మారాలి. తల్లీబిడ్డా ఐదు నెలలూ తన కళ్ళ ముందుండాలి. ఆమెకు కావలసింది అంతే.

చేతిలో డబ్బు ఆడదు. అందుకని చేతికి దొరికినదాన్నే అందంగా మలచసాగింది. సున్నంలో నీలిమందు చిటికెడు కలిపితే గోడ తెల్లవారుజాము ఆకాశంలా వచ్చింది. మూలకు అడ్డంగా కట్టడానికి మిరపకాయలు నింపే పాత గోనెపట్టాలు తెచ్చింది. మిరప ఘాటు పసిముక్కుకు తగలకూడదని వాటిని ఉడకబెట్టింది, ఉతికింది, ఎండేసింది, మళ్ళీ ఉడకబెట్టింది. తానే ముఖం మీద కప్పుకుని పడుకుని చూసింది. తుమ్ము రాలేదు. అప్పుడుగాని కట్టలేదు. పత్తి తీశాక మిగిలే ఎండు గుల్లలకు పసుపు రాసి దండ గుచ్చింది. చర్చిలో పోయినేటి క్రిస్మసు నక్షత్రపు కాగితాలు అడిగి తెచ్చి వాసానికి అంటించింది. కడుపుతో ఉన్న పిల్ల చక్కని ముఖం చూస్తే చక్కని బిడ్డ పుడుతుందంటారు. పురుగుమందుల కొట్టువాడు రైతులకు పంచిన కేలండరు మీద బొద్దుగా నవ్వే పసివాడి బొమ్మ ఉంది. దాన్ని మంచానికి ఎదురుగా తగిలించింది.

ఇక డబ్బాల సంగతి.

అది తెల్లదోమ పడ్డ ఏడు. పత్తి ఆకుల కింద తెల్లగా పొడి చల్లినట్టు దోమ. ఒక మందు కొడితే పోలేదు, ఇంకోటి కొట్టారు, రెండూ కలిపి కొట్టారు. రైతుల పశువుల కొట్టాల్లో ఖాళీ డబ్బాలు గుట్టలుపడ్డాయి. దానయ్య పనిచేసే కామందు ఇంటి సుబ్బరావమ్మ దగ్గరికి వీరమ్మ ఒకనాడు సున్నం అడగడానికి వెళ్ళింది.

"ఏమే వీరమ్మా, మనవడొస్తున్నాడని ఇంటికి రంగులేస్తున్నావంట? మా ఇల్లు కూడా చూడవే కాస్త" అని నవ్వింది సుబ్బరావమ్మ.

"మీ మేడకి నా సున్నం ఏం సరిపోద్దమ్మగారూ, కృష్ణా కాలవంత కావాల."

"నీ నోటికేం తక్కువ లేదు. సున్నం తీసుకుపో. ఇదిగో, ఆ డబ్బాలు కూడా పట్టుకుపో. మంచి గట్టి రేకు. నీళ్ళకి పనికొస్తయ్, బట్టలకి పనికొస్తయ్. మేము తవుడు పోసుకోటల్లా?"

సుబ్బరావమ్మ చెడ్డ మనిషి కాదు. ఈ కథ చదివేవారు ఆమె మీద కోపం తెచ్చుకుంటే అసలు సంగతి వారికి అందదు. ఆమె ఇచ్చింది దయతోనే. ఆ డబ్బాలు మంచి వస్తువులేనని ఆమె కూడా నమ్మింది.

వీరమ్మ పెద్ద డబ్బాలు రెండు, చిన్నవి నాలుగు నెత్తిన పెట్టుకుని తెచ్చింది. బూడిదతో తోమింది. చింతపండుతో తోమింది. కుంకుడురసం పోసి గిలకొట్టింది. ముక్కు పెట్టి చూస్తే వాసన లేదు. వాసన పోయిందంటే మందు పోయినట్టేనని ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన లెక్క.

అన్నిటి మీదా ఒక పక్క ఎర్రని ముక్కోణం, దాని మీద పుర్రె బొమ్మ, పుర్రె కింద అడ్డంగా రెండు ఎముకలు ఉన్నాయి. చుట్టూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు వీరమ్మకు రావు. రాత్రి బడిలో కూడబలుక్కుని నేర్చుకున్న తెలుగు ఆమెది. కానీ పుర్రెను చదవడానికి బడి అక్కర్లేదు. దాన్ని చూడగానే ఆమెకు తన ఇద్దరు బిడ్డలు ఉన్న మట్టి గుర్తొచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల పొద్దున్నే లేచి ఈ బొమ్మ చూస్తే ఇంకేమైనా ఉందా?

కొడవలి మొనతో గీకింది. ఇటుకరాయితో రుద్దింది. ఎముక ముక్క కూడా కనిపించకుండా రుద్దింది.

దానయ్య చుట్ట కాలుస్తూ చూసి, "ఏందే, యముడి ముఖం గొరుగుతున్నావా?" అన్నాడు.

"నోర్ముయ్. బిడ్డొచ్చే ఇంట్లో ఆ పేరెత్తబాక."

"సర్లే. పుర్రె పోయిందిగా, ఇంక అది పాల డబ్బా కిందే లెక్క" అని అతను లేచి, ఎడ్లబండి చక్రాలకు పూయగా మిగిలిన ఎర్రరంగు తెచ్చి పైనంతా పూసి పెట్టాడు.

చిన్న డబ్బాల్లో గులకరాళ్ళు వేసి ఉయ్యాల మీద వేలాడదీశారు. గాలికి గలగలమన్నాయి. పెద్ద డబ్బాల్లో ఒకటి పొత్తిగుడ్డలకు, ఇంకొకటి బిడ్డ స్నానం నీళ్ళకు.

చర్చి మీద నక్షత్రం దింపకముందే దేవకుమారికి ఆడపిల్ల పుట్టింది. కృపావతి అని పేరు పెట్టారు. నెల తిరిగాక రెబ్కా బిడ్డను చూడటానికి వచ్చింది. వీరమ్మ కాఫీ గ్లాసు అందించి, గోనె తెర పక్కకు లాగింది.

రెబ్కా గడపలోనే ఆగిపోయింది. నీలి గోడ, పసుపు దండ, కాగితపు నక్షత్రం, ఎర్రెర్రని డబ్బాల కింద ఎర్రంచు చీర ఉయ్యాల.

"ఇదంతా ఎవరు చేశారు వదినగారూ?"

"నేనేనండి. మా ఆయన రంగేశాడు."

"మా బళ్ళో పసిపిల్లల గది కూడా ఇట్లా లేదండీ. నేనే పొరపాటు పడ్డాను." రెబ్కా ఒక డబ్బాను వేలితో మీటింది. గులకరాళ్ళు గలగలమన్నాయి. ఆమె చదువుకున్న మనిషే. అది దేని డబ్బా అని అడగాలని ఆమెకూ తోచలేదు. "సరే, ఆనవాయితీ ప్రకారమే ఐదో నెల దాకా ఉండనివ్వండి" అంది.

ఆ పూట వీరమ్మ చాటుకు వెళ్ళి ఆ ఎర్ర డబ్బాకు దణ్ణం పెట్టుకుంది.

రోజూ పొద్దున్నే ఆ పెద్ద డబ్బాలో నీళ్ళు పోసి ఎండలో పెట్టేది. కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి, గోరువెచ్చని ఆ నీళ్ళు పోసేది. సాంబ్రాణి పొగ వేసేది. ఆ తరవాత బిడ్డ నిద్రపోయేది. పక్కింట్లో బిడ్డల్లా కేరుమనేది కాదు. పాలకు కూడా లేపాల్సి వచ్చేది. బుగ్గ మీదుగా చొంగ కారుతూ ఉండేది.

"ఏం నీళ్ళు పోస్తున్నావక్కా, పిల్ల బంగారంలా పడుకుంటది" అనేది పక్కింటి జానీబీ. "మా మనవడున్నాడే, రాత్రంతా కోటప్పకొండ తిరనాళ్ళే."

"చొంగ కార్చే బిడ్డ దండిగా పెరుగుద్ది" అని పెద్దముత్తైదువలు దిష్టి తీశారు.

చదివే తల్లులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. బిడ్డ నెమ్మదిగా ఉందని మురిసిపోయిన ఆ ఇంట్లో ఒక్కరైనా, ఇంత నెమ్మది ఎందుకని అడిగి ఉంటే! కానీ పేదింట్లో ఏడవని బిడ్డ దేవుడిచ్చిన వరం. వరాన్ని ఎవరు అనుమానిస్తారు?

మిరపకాయలు కళ్ళాల్లో ఎర్రగా ఎండుతున్న రోజుల్లో ఆ పెద్ద డబ్బాకు అడుగున తూటు పడింది. దానయ్య పొలం నుంచి ఇంకో డబ్బా తెచ్చాడు. ముందురోజే ఖాళీ అయినది. వీరమ్మ మళ్ళీ తోమింది. మళ్ళీ ముందుగా పుర్రె బొమ్మనే గీకింది. వాసన పోయిందనుకుంది. మడత రేకు అంచుల్లో ఏం దాగి ఉందో కంటికి కనిపించదు. ఎండకు నీళ్ళు వేడెక్కాయి.

ఆ పూట తలమీదుగా నీళ్ళు పోసి బిడ్డను ఉయ్యాలలో వేసింది. పొద్దెక్కాక జానీబీ మజ్జిగ అడగడానికి వచ్చి ఉయ్యాలలోకి తొంగిచూసింది.

"అక్కా, ఇది చొంగ కాదే. నురగ!"

దేవకుమారి పరుగున వచ్చి బిడ్డను ఎత్తుకుంది. బిడ్డ చెయ్యి తడిగుడ్డలా జారిపోయింది. ఒళ్ళంతా చెమట. ఊపిరి గురగురమంటోంది. "అమ్మా! నా బిడ్డే! అమ్మా!" అన్న ఆ కేక చర్చి దాకా వినిపించింది.

బస్సు వెళ్ళిపోయిన వేళ. సుబ్బరావమ్మ ట్రాక్టరు మిరపకాయలు కుక్కిన టిక్కీల బస్తాలతో గుంటూరు బయల్దేరుతోంది. సుబ్బరావమ్మే ఎదురొచ్చి, "ఎక్కించండి, కాయలు ఎటుపోతే నాకేం" అని అరిచింది. టిక్కీల మీద కూర్చుని వెళ్ళారు. ఘాటుకు అందరికీ కళ్ళవెంట నీళ్ళు. వీరమ్మ కొంగుతో బిడ్డ ముక్కు కప్పబోయి ఆగింది. తుమ్మితే బాగుండును అనుకుంది. బిడ్డ తుమ్మలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డ కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంది. ఆమె ముఖం మారిపోయింది.

"ఇంట్లో పురుగుమందు ఉందా?"

"మాకెక్కడిదమ్మా?" అంది వీరమ్మ. "సెంటు భూమి లేదు మాకు. పురుగుమందు మాకెందుకు?"

సిస్టరు సూదిమందు సిద్ధం చేస్తోంది. డాక్టరమ్మ చేతులు ఆగలేదు, ప్రశ్నలూ ఆగలేదు. "పొద్దున ఏం పట్టారు?"

"తల్లిపాలే."

"నీళ్ళు పోశారా? దేంట్లో నీళ్ళు?"

వీరమ్మ కళ్ళ ముందు ఎర్ర డబ్బాలు గలగలమన్నాయి.

"డబ్బాలో… మందు డబ్బాలో. బాగా తోమానమ్మా. వాసన కూడా లేదు."

"వాసన లేకపోతే విషం లేనట్టా? దాని మీద పుర్రె బొమ్మ లేదూ?"

"ఉందమ్మా" అంది వీరమ్మ. "గీకేశాను."

డాక్టరమ్మ సూది అందుకుని బిడ్డ వైపు తిరిగింది. ఆమె ఒక మాట తిట్టినా వీరమ్మకు బరువు తగ్గేది.

చాలాసేపటికి కృపావతి ఏడ్చింది. పిల్లిపిల్ల అరిచినట్టు చిన్న ఏడుపు. పుట్టినప్పటినుంచీ ఏ ఏడుపు లేదని మురిసిందో, ఆ ఏడుపు కోసం వీరమ్మ వరండాలో నేల మీద పడి దేవుణ్ణి వేడుకుంటూ ఉంది. బిడ్డ బతికింది. కానీ, "ఎదుగుదల ఎట్లా ఉంటుందో ఇప్పుడే చెప్పలేను. చూస్తూ ఉండాలి" అంది డాక్టరమ్మ. ఆ మాట ఆ ఇంటిల్లిపాది మీదా మబ్బులా నిలిచిపోయింది.

కబురందుకుని రెబ్కా, అల్లుడు ప్రేమదాసు వచ్చారు. బిడ్డ తేరుకునేదాకా ఆసుపత్రిలోనే ఉన్నారు. ఆసుపత్రి నుంచి పంపించేసిన రోజున రెబ్కా కోడలి గుడ్డల మూట తన చంకన పెట్టుకుంది. కోపంగా ఒక్క మాట కూడా అనలేదు. "నేనూ చూశాను వదినగారూ ఆ డబ్బాల్ని. వేలితో మీటాను కూడా" అని మాత్రం అంది.

వీరమ్మ కూతురి వెనకే బస్టాండు దాకా నడిచింది. తాడేపల్లి మీదుగా పోయే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది.

"కుమారీ, ఒక్కసారి ఇంటికి రామ్మా. ఆ మూలంతా పీకి పారేస్తా. మట్టి కుండలో నీళ్ళు కాస్తా. ఒడిబియ్యం కూడా పొయ్యకుండా ఎట్టా పంపేదే నిన్ను?"

దేవకుమారి తల్లి చెయ్యి పట్టుకుంది. "నువ్వు నా బిడ్డకి చెరుపు చేస్తావా అమ్మా? నాకు తెలీదా? కానీ ఆ ఉయ్యాల కింద నిలబడితే నాకు ఊపిరాడదే. నేను రాలేను. ఎప్పటికొస్తానో కూడా చెప్పలేను. రమ్మని అడగబాక."

బిడ్డ అమ్మమ్మ ముఖం వైపు తిరిగింది. చూసిందో, చూపు అటు పడిందో వీరమ్మకు తెలియలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఈసారి దుమ్ము లేదు, తారు రోడ్డు. అయినా ఆమె నిలబడే ఉంది, దానయ్య భుజం పట్టుకుని తీసుకుపోయేదాకా.

ఇంటికి వచ్చి గోనె తెర లాగింది. ఏదీ మారలేదు. నీలి గోడ, పసుపు దండ, కేలండరు మీద నవ్వే పసివాడు. గాలికి డబ్బాలు గలగలమన్నాయి. వీరమ్మ వాటిని ఒక్కొక్కటే తెంపింది.

"కాలవలో పారేసొస్తా" అన్నాడు దానయ్య.

"పారేస్తే ఇంకో తల్లి ఏరుకుంటది. గొడ్లు తాగే నీళ్ళయ్యా అవి" అని, గునపం తీసి ఒక్కో డబ్బాకు నాలుగు వైపులా పొడిచింది. నీళ్ళు కాదు కదా, గింజలు కూడా నిలవకుండా పొడిచింది. ఊరి బయట, బావులకు దూరంగా గొయ్యి తీయించి పూడ్పించింది. తరవాత గునపం పట్టుకుని పాలెంలో ఇల్లిల్లూ తిరిగింది. అప్పుడు కనిపించింది ఆమెకు. ఎవరింట్లో చూసినా అవే. ఒకరింట్లో ఉప్పు, ఒకరింట్లో కిరసనాయిలు, ఒకరింట్లో పిల్లలు బడికి పట్టుకుపోయే నీళ్ళు. చేలల్లోంచి పత్తి బళ్ళు అటు పోయాయి, ఖాళీ డబ్బాలు ఇటు పాలెంలోకి వచ్చాయి.

సుబ్బరావమ్మ పెరట్లో గుట్ట అలాగే ఉంది. ఆమె తలొంచుకుని నిలబడింది. "నేను మంచికేగా ఇచ్చాను వీరమ్మా."

"మంచికే అమ్మగారూ. నేనూ మంచికే గీకాను. మన ఇద్దరి మంచీ కలిసి బిడ్డ ప్రాణం మీదకొచ్చింది. ఇకమీదట ఎవరికీ ఇవ్వబాకండి. ఖాళీ అయిన పూటే పొడిపించి పూడ్పించండి."

సుబ్బరావమ్మ లోపలికి వెళ్ళి, తవుడు పోసుకునే డబ్బా తానే ఎత్తుకొచ్చి గునపం ముందు పెట్టింది.

చివరగా జానీబీ ఇల్లు. ఆమె చిన్న కోడలికి అప్పుడు ఏడో నెల. వాకిట్లో ఆ పిల్ల బియ్యప్పిండి పోసుకునే డబ్బా ఉంది. దాని మీద కూడా బొమ్మ గీకేసి ఉంది. వీరమ్మ ఇంట్లో చూసి నేర్చుకున్నదే. డబ్బాను పొడిచాక, వీరమ్మ పొయ్యిలోంచి బొగ్గు తీసి, వాకిటి తెల్లగోడ మీద పుర్రె, దాని కింద అడ్డంగా ఎముకలు గీయసాగింది.

జానీబీ కంగారుపడి చెయ్యి పట్టుకుంది. "అక్కా, వద్దే! కడుపుతో ఉన్న పిల్ల ఎదుట ఆ బొమ్మేందే?"

వీరమ్మ బొగ్గు వదల్లేదు. ఆ పిల్లనే దగ్గరికి పిలిచి, గోడ ముందు నిలబెట్టింది.

"సరిగ్గా చూడు తల్లీ. కడుపుతో ఉన్నదానివి, ముందు నువ్వే చూడాల. నేను నా కూతురు కంట పడనివ్వలేదు. భయపెట్టే బొమ్మను గీకేస్తే భయం పోద్ది. విషం పోదు. చేలో పురుగును చంపింది ఏదైనా సరే, కడిగినా, రంగేసినా, ముద్దుచేసినా, బిడ్డ ఉన్న ఇంటి గడప తొక్కకూడదు."